మా మాస్టారు వద్దన్న తొందర

మా కరాటే మాస్టారు పోయారని సత్యవతి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటు. నేను రాజమండ్రిలో బస్సెక్కినప్పటినుంచి ఏడుస్తూనే ఉన్నాను. పాలకొల్లులో దిగాక మాత్రం ఒళ్లు మండిపోయింది. బస్టాండు ఎదురుగా అప్పుడే పెద్ద ఫ్లెక్సీ కట్టేశారు. "మా స్కూలు గర్వించే కోచ్‌కి కన్నీటి నివాళి" అట. ఆయన్ని మెడపట్టి గెంటినంత పని చేసిన స్కూలే దాన్ని కట్టించింది.

ఆ సంగతి రాయకపోతే ఆయన గురించి ఎంత మంచిగా రాసినా అబద్ధమే అవుతుంది.

నేనూ సత్యవతీ ఆ స్కూల్లోనే తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన మాకు నేర్పడానికి వచ్చారు. నేను దిట్టంగా ఉండేదాన్ని. అయినా ఎంత గట్టిగా తన్నినా వేలాడదీసిన ఇసక సంచి కదిలేది కాదు.

"బలం చాలట్లేదాండీ?" అని అడిగాను.

"బలం బోలెడుందమ్మా. నీ తొడ వెనక కండ బిగుసుకుపోయింది. నువ్వు ముందుకి తంతుంటే అది వెనక్కి లాగుతోంది. సగం బలం నీతో నువ్వు పోట్లాడుకోడానికే పోతోంది" అన్నారు.

క్లాసు మొదట్లో కాళ్లు తేలిగ్గా ఊపించేవారు. తన్నడాలన్నీ అయ్యాక, చివర్లో కూర్చోబెట్టి నిదానంగా వంగమనేవారు. ముందే ఎక్కువసేపు సాగదీస్తే దెబ్బలో చురుకు తగ్గుతుందనేవారు. మోకాళ్ల దగ్గర మాసికలేసిన తెల్ల డ్రెస్సులో తనూ మాతోపాటే నేలమీద కూర్చునేవారు. ఎవరైనా పళ్లు బిగబట్టి వంగితే "ఎవర్ని మెప్పించడానికమ్మా?" అని లేపేసేవారు. కొన్ని నెలలకి నా తన్నుకి సంచే కాదు, దాన్ని పట్టుకున్న సత్యవతి కూడా వెనక్కి జరిగింది. మాస్టారు మెచ్చుకోలేదు. "ఇప్పుడు రెండో కాలు" అన్నారు.

ఇంతలో వార్షికోత్సవం వచ్చింది. ఆడపిల్లలందరూ స్టేజీ మీద కాళ్లు చెరోవైపు బారజాపి నేలకి ఆనించాలని కరస్పాండెంటు పట్టుబట్టాడు.

"ఇంత తొందరలో రాదండీ. కండలు చీలతాయి" అన్నారు మాస్టారు.

"ఫొటోలో బాగుంటుందండీ. పేరెంట్సుకి కనపడాలి కదా."

"పిల్లలు ఫొటో కోసం రావట్లేదండీ."

మర్నాటినుంచి ఆయన్ని రావద్దన్నారు. ఇంకో కోచ్‌ని తెచ్చారు. అతను సత్యవతిని గోడకి ఆనించి కాళ్లు చెరోవైపు చాపించి కూర్చోబెట్టి, రెండు తొడల మీదా ఎక్కి నిలబడ్డాడు. ఆ అరుపు నాకింకా వినిపిస్తూనే ఉంది. కండ చీలింది. స్కూలువాళ్లు ఏమన్నారో తెలుసా? ఆ పిల్లకి ఒళ్లు వంగదు, తప్పు ఆ పిల్లదే అన్నారు!

మాస్టారు నేరుగా కరస్పాండెంటు గదిలోకి వెళ్లారు. నేనూ సత్యవతి నాన్నగారూ వెనకే ఉన్నాం. ఆయన గొంతు పెంచడం ఆ ఒక్కసారే విన్నాను.

"తప్పు మీదండీ. ఆ పిల్లకి ఆ మాట చెప్పండి."

చెప్పలేదు. పైగా పిల్లల్ని స్కూలు మీదకి ఉసిగొల్పుతున్నాడని ఊరంతా చాటారు. మిగతా స్కూళ్లూ ఆయన్ని పిలవడం మానేశాయి.

ఆయన తన డాబా మీదే నేర్పడం మొదలుపెట్టారు. డాక్టరు చెప్పిన వ్యాయామాలు సత్యవతితో ఏడాది పైగా దగ్గరుండి చేయించారు. "నిన్నటికంటే తక్కువ వంగినా ఫర్వాలేదమ్మా" అనేవారు. ఆమె కుంటకుండా నడిచింది. తర్వాత తన్నింది కూడా. ఇప్పుడా డాబా మీద పిల్లలకి నేర్పుతున్నది ఆమే.

అంత్యక్రియలకి ముందు ఆ కరస్పాండెంటు బంతిపూల దండతో, ఫొటోగ్రాఫర్‌తో కారు దిగాడు. సత్యవతి మాస్టారి ఇంటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆయనకి ఎప్పుడైనా సారీ చెప్పారాండీ?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"పోనీ, నాకు చెప్పారా?"

అతను చుట్టూ చూశాడు. వెనక్కి తిరిగి, దండ కారు టాపు మీద పెట్టి తలుపు తీసుకుని ఎక్కాడు. దాన్ని తియ్యడం మర్చిపోయాడు. కారు కదిలింది. కాలవగట్టు మలుపులో దండ జారి రోడ్డు మీద పడింది. వెనకొస్తున్న అరటిగెలల వ్యాను దాని మీదుగా వెళ్లిపోయింది.