ప్లాస్టిక్ తీగకు వేడినీళ్ళు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను విశాఖపట్నంలో రీసెర్చ్ చేసేవాణ్ణి. వెలుతురును మోసుకెళ్ళే ప్లాస్టిక్ తీగతో, దూలం ఏ కాస్త వంగినా పసిగట్టే సెన్సర్ తయారుచేయాలి. రెండేళ్ళయినా ఆ తీగ ఒక్కో రోజు ఒక్కో లెక్క చూపించేది. ఇక మానేద్దామనుకుంటూనే ఒకరోజు ఎలమంచిలి వెళ్ళే పాసింజరెక్కాను.

ఎదుటి సీట్లో ఒక పెద్దాయన, చేపలు పట్టేవాడు, చెక్కముక్కకు గేలం తాడు చుట్టుకుంటున్నాడు. నా ఒళ్ళో ఉన్న తీగ ఉండ చూసి, "ఏటి బాబూ, ఇదీ గేలం తాడేనా?" అన్నాడు.

కాదని, నా అవస్థంతా చెప్పాను. ఆయన తీగ కొస అందుకుని సాగదీసి వదిలాడు. అది మళ్ళీ చుట్టుకుపోయింది.

"ఉండ సుట్టినప్పటి వంకర ఇదింకా మర్సిపోనేదు బాబూ. మా నైలాన్ తాడూ అంతే. కొత్తదాన్ని నాను వేణ్ణీళ్ళల్లో ఏసి, సల్లారిందాకా ఉంచుతాను. మరిగిపోయే నీళ్ళు కాదు, పాడైపోద్ది. అప్పుడు సేప కొరక్కముందే, ముట్టుకుంటేనే సేతికి తెలుస్తాది."

అనకాపల్లిలో దిగిపోయాడు.

మర్నాడే తీగను వేడినీళ్ళలో ఉంచి, దానంతట అది చల్లారేదాకా ఆగాను. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేలడానికి నెల పట్టింది. ఆ తర్వాత లెక్కలు నిలబడ్డాయి. అంతకుముందు దొరకని చిన్న వంపును కూడా తీగ పట్టుకుంది. మా గైడ్ సంబరపడిపోయి, "ఈ ఆలోచన ఎక్కడిదయ్యా?" అని అడిగారు.

"ఎక్కడో చదివాను సార్" అన్నాను.

రైల్లో ఒకాయన చెప్పాడనడానికి ఆరోజు నాకు నోరు రాలేదు. ఆయన పేరు అడగనందుకు కాదు, ఆ అబద్ధానికే ఇప్పటికీ సిగ్గుపడతాను.