పోయొస్త అన్న మాట

నా మెడలో వేలాడే కార్డు మీద పేరు కింద 'రిలీవర్' అని ఉంటుంది. ఏదైనా బడిలో ఆయా సెలవు పెడితే, ఆమె తిరిగి వచ్చేదాకా ఆమె పని చేసే మనిషి అని దానర్థం. కాగితాల మీద మా ఉద్యోగానికి వేరే పెద్ద పేరేదో ఉంది గానీ బడిలో మేం ఆయాలమే. మమ్మల్ని పంపేది నిజామాబాద్‌లోని ఒక ఏజెన్సీ. చిన్నపిల్లలకు ఆ కార్డు మీది మాటే నా పేరు అనిపించేదేమో, ఏ బడికి పోయినా రెండో రోజుకల్లా నేను 'రిలీవర్ మేడం' అయిపోయేదాన్ని. నాకు ఎన్నడూ కష్టంగా తోచలేదు. పిల్లలు పిలిచే పేరు ఏదైనా దేవుడిచ్చిందే అనుకునేదాన్ని.

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. చిన్నప్పుడు మా ఇంటి వెనకాలే పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము ఉండేది. ఎండాకాలమంతా ఆ దుమ్ము. నాకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు. ఏడో తరగతి దాకా చదివిన మా అమ్మ, దేవుని గూటి ముందు పీట వేసి, పలక మీద నాకు అక్షరాలు దిద్దించింది. పెద్దయ్యాక ఓపెన్ స్కూల్ పరీక్షలు రాశాను. పాఠం జరిగే తరగతి గదిలో బెంచీ మీద మొదటిసారి కూర్చున్నది ఉద్యోగంలో చేరిన రోజునే. అప్పటికి నాకు ముప్పై దాటాయి. టీచరు హాజరు పిలుస్తుంటే నా పేరు కూడా వస్తుందేమో అని గుండె కొట్టుకుంది. నవ్వుకోవాల్సిన సంగతే, కానీ ఆ రోజు ఇంటికి వచ్చి దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను, కృతజ్ఞతతో.

అమ్మ అక్షరాలతో పాటు మాటలు కూడా నేర్పింది. బియ్యం అయిపోయాయని అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. గడప దాటేటప్పుడు 'పోతున్న' అనకూడదు, 'పోయొస్త' అనాలి. నోట్లోంచి వచ్చిన మాటను తథాస్తు దేవతలు వింటుంటారని అమ్మ నమ్మకం. మా ఇంట్లో లేనిది చాలా ఉండేది గానీ 'లేదు' అన్న మాట మాత్రం వినపడేది కాదు. నేను ఆ ఇంట్లోనే చదువుకున్నదాన్ని. నాకు ఇంకో భాష రాదు.

ఆ బడి ఆర్మూర్ చివర, కమ్మర్‌పల్లి పోయే రోడ్డు మీద ఉంది. రెండో తరగతి ఆయా కాన్పుకు పోతే, దసరా సెలవులు కాగానే నన్ను అక్కడికి పంపారు. వెనక బెంచీలో ఒక ఆడపిల్ల ఉండేది. ఏడేండ్లు. బడిలో మాట్లాడేది కాదు. మూగది కాదు. పొద్దున ఎనిమిదింటికల్లా ఆ పిల్లను గేటు పక్కనున్న రాయి మీద కూర్చోబెట్టి, పసుపు ఉడకబెట్టే కల్లానికి కూలికి పోయే వాళ్ళమ్మ నాకు చెప్పింది: "ఇంట్ల నోరు మూయదు మేడం. గేటు దాటంగనే తాళం పడ్తది."

పెద్ద మేడం చెడ్డ మనిషి కాదు. కానీ నోరు తెరవని పిల్లను మూడో తరగతిలోకి ఎట్లా పంపాలని ఆమె బాధ. యేడాది పరీక్షల లోపల మాట్లాడకపోతే, ఇట్లాంటి పిల్లలను చూసే బడికి తీసుకుపొమ్మని ఆ తల్లితో చెప్పేసింది. అట్లాంటి బడి ఆర్మూర్‌లో ఎక్కడుంది? ఉన్నా తీసుకుపోయి తీసుకొచ్చేదెవరు? ఆ తల్లి నా దగ్గర ఒకటే మాట అన్నది. "గీడ వద్దంటే ఇగ నాతోని కల్లానికే."

నేను టీచరుతో చెప్పి ఒక ఏర్పాటు చేశాను. హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల బెంచీ మీద రెండుసార్లు కొడితే చాలు, టీచరు హాజరు వేసుకునేది. నెల గడిచాక, కొట్టడం మాని నా చెవిలో చెప్పమన్నాను. అట్లా చెప్పడానికి ఇంకో నెల పట్టింది. ఒకరోజు నా చెవి దగ్గర వెచ్చగా ఊపిరి తగిలింది, దానిలో 'ప్రెజెంట్' అన్న మాట ఉందో లేదో అన్నట్టుంది. నేను దాన్ని పైకి చెప్పాను. అప్పటినుంచి రోజూ ఆమె ఊపిరి, నా గొంతు. శివరాత్రి నాటికి పక్క బెంచీ పిల్లకు వినపడేంత అయింది. ఇంకొక్క మెట్టు. టీచరు చెవి దాకా చేరితే చాలు. నేను పొద్దున ఆర్మూర్ గుట్ట దిక్కు తిరిగి, దాని మీద వెలసిన నవనాథులకు మొక్కుకుని మరీ బడికి పోయేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం ఏజెన్సీ సూపర్వైజర్ ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. సెలవులో ఉన్న ఆయా డ్యూటీలో చేరుతోందనీ, సోమవారం నుంచి నేను కమ్మర్‌పల్లి పోవాలనీ చెప్పాడు. పిల్ల సంగతి చెప్పి, పరీక్షల దాకా ఉంచమని అడిగాను.

"మీరు రిలీవర్ గదా మేడం," అన్నాడు. "ఆగేటోళ్లు కాదు గదా." అని, "పిల్లలకు చెప్పకుండ్రి. ఏడుస్తరు," అన్నాడు.

చెప్పలేదు. సాయంత్రం అందరూ పోయాక ఆ పిల్ల వాళ్ళమ్మ కోసం రాయి మీద కూర్చుని ఉంది. నేను సంచీ తీసుకుని గేటు దాటుతూ, ఎప్పటిలాగే తల నిమిరి, "పోయొస్త బిడ్డా" అన్నాను. ఆ పిల్ల తల ఊపింది. నేను అబద్ధమాడుతున్నానని నాకు తట్టనే లేదు. గడప దాటేటప్పుడు అనేది ఆ ఒక్క మాటే, నాకు ఇంకోటి తెలియదు.

సోమవారం కమ్మర్‌పల్లి బస్సు కిటికీలోంచి చూస్తే ఆ పిల్ల రాయి మీద ఉంది. రోజూ అక్కడే కూర్చునేది కదా, నేనేమీ అనుకోలేదు. మంగళవారం చెయ్యి ఊపాను. చూడలేదు. బస్సులో నేను ఉంటానని తనకేం తెలుసు. వారమంతా అట్లాగే చూసుకుంటూ పోయాను, కనీసం ఈ దారినే పంపినందుకు దేవునికి దండం పెట్టుకుంటూ.

శనివారం, సెలవు నుంచి తిరిగొచ్చిన ఆ బడి ఆయా ఫోన్ చేసింది. "అక్కా, ఏం చెప్పి పోయినవ్ గీ పిల్లకు? గంట కొట్టినా రాయి మీదికెల్లి లేస్తలేదు. ఎత్తుకపోదామంటే గేటు పట్టుకుంటది." వారం రోజుల్లో ఒక్కరోజు కూడా తరగతిలోకి రాలేదట. పెద్ద మేడం వాళ్ళమ్మను రెండుసార్లు పిలిపించిందట. బుధవారం దాకా చూస్తానని, ఆ తర్వాత తన వల్ల కాదని చెప్పిందట.

ఆదివారం నేను కల్లానికి పోయాను. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నా ఆ ఆవిరికి ఊపిరి పట్టేసింది. ఉడికిన పసుపు కొమ్ములు తట్టలతో మోసి ఎండకు పోస్తున్నారు. ఆ తల్లి తట్ట దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. పిల్ల అవతల కొమ్ములు పరుస్తూ ఉంది, వీపు మా వైపు. తల్లి కేకేసి పిలవబోతే నేనే వద్దన్నాను. తిట్టించుకోవడానికే వచ్చాను గానీ ఆమె తిట్టలేదు. కూర్చోవడానికి ఖాళీ గోనెసంచి వేసి, నీళ్ళిచ్చింది.

"నేను చెప్పిన మేడం, గా మేడం ఇగ రాదే అని. నన్నే తప్పు పడ్తది. పోయొస్త అన్నదే అమ్మా, మేడం అబద్ధమాడదు అంటది."

నేను నీళ్ళ చెంబు కింద పెట్టాను.

"మీరే చెప్పుండ్రి," అన్నది. "మంచిగ చెప్పకుండ్రి మేడం. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

ఆ రాత్రి అమ్మకు చెప్పాను. రాను అని, పోతున్న అని, ఒక పసిపిల్ల మొహం మీద ఎట్లా అనడం? అమ్మ వత్తులు చేసుకుంటోంది. చేతిలోని వత్తి పూర్తి చేసి, "గడప మీద అనకు బిడ్డా," అన్నది. "జర అవతలికి తీస్కపోయి అను."

మంగళవారం ఒక పూట సెలవడిగాను. సూపర్వైజర్ కాసేపు నసిగి, పాత బడి దగ్గర కార్డు వేసుకోవద్దన్న షరతు మీద ఒప్పుకున్నాడు. అందుకు కూడా అతనికి రుణపడి ఉన్నాను.

నేను పోయేసరికి గంట కొట్టేశారు. పిల్లలంతా లోపల ఉన్నారు. ఆ పిల్ల రాయి మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని. నన్ను చూడగానే లేచింది. పరుగెత్తలేదు, నవ్వలేదు. ఆలస్యంగా వచ్చిన మనిషి కోసం చూసీ చూసీ అలిసినట్టు, సంచీ భుజానికి వేసుకుని, వచ్చి నా చేతిలో చెయ్యి పెట్టింది. పెట్టి గేటు వైపు లాగింది. లోపలికి పోదామని.

ఆ చేతిని పట్టుకునే నేను ఇటువైపు తిప్పుకున్నాను. గేటుకు దూరంగా, గోడ వెంబడి, రోడ్డు మీది టీ కొట్టు దాకా నడిపించుకుపోయాను. అక్కడ గడప లేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. పసుపు బస్తాల లారీ ఒకటి పోయేదాకా ఆగాను.

"నేను ఈ బడికి రాను బిడ్డా," అన్నాను.

అప్పుడు ఆ పిల్ల మాట్లాడింది. చెవిలో కాదు, ఊపిరితో కాదు. టీ కొట్టతను తల తిప్పి చూసేంత గొంతుతో. ఐదు నెలలు నేను ఎదురుచూసిన గొంతు. కొంచెం బొంగురు.

"పోయొస్త అన్నవ్."

"అన్న. నాదే తప్పు."

"రేపు?"

"రాను."

"పరీక్షలకు?"

ఆ ప్రశ్నకు నా నోట అమ్మ నేర్పిన మాటలే తిరిగాయి. చూద్దాం, దేవుడు దయతలిస్తే, వీలు చూసుకుని. మూడు మాటలూ పెదవుల దాకా వచ్చాయి. ఆ పిల్ల నా పెదవుల వైపే చూస్తోంది.

"రాను," అన్నాను. "పోతున్న."

ఆమె చెయ్యి తీసేసుకుంది. గోడ వెంబడి ఒక్కతే నడిచి గేటులోకి పోయింది. రాయి దగ్గర ఆగలేదు. ఆయా ఎదురు రాబోయి, ఏమనుకుందో, పక్కకు తప్పుకుంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తుందని నేను మోకాళ్ళ మీదే ఉండిపోయాను. చివరికి టీ కొట్టతనే, "లేవమ్మా, బండ్లు వస్తయి," అన్నాడు.

పరీక్షలయ్యాక ఆయా ఫోన్ చేసి చెప్పింది. పెద్ద మేడం పిల్లను ఉంచుకుంది, మూడో తరగతికి పంపింది. రోజూ లోపల కూర్చుంటోంది కదా, అది చాలన్నదట. మరి మాట్లాడుతోందా అని అడిగాను. "లేదక్కా. మళ్ల బెంచీనే కొడ్తున్నది. నేను చెవి పెట్టినా చెప్తలేదు," అన్నది. హాజరు మాత్రం ఒక్కరోజు తప్పలేదట. మళ్ళీ నన్ను అడిగిందా అని నేను అడగలేదు. ఆయా కూడా చెప్పలేదు.

పిల్ల కల్లానికి పోలేదు. నేను అడిగింది అదే, దేవుడు ఇచ్చాడు. ఆ గొంతు ఒక్కసారైనా నా చెవిన వేశాడు. అది ఎందుకోసం పలికిందో తలుచుకున్నప్పుడు మాత్రం దండం పెట్టబోయిన చేతులు మధ్యలో ఆగిపోతాయి.

బడులు మళ్ళీ తెరిచాక కూడా నన్ను కమ్మర్‌పల్లిలోనే ఉంచారు. పొద్దున గడప దగ్గర అమ్మ నిలబడి ఉంటుంది, నేను అనాల్సిన మాట కోసం. అంటాను. అనకపోతే ఆమె లోపలికి పోదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే ఆ బడి వచ్చేదాకా అటే చూస్తాను. రాయి మీద ఎవరూ ఉండరు. వాళ్ళమ్మ ఇప్పుడు గేటు లోపలి దాకా దింపుతోందట.