మా తిండి దీక్ష

మా అక్కకు అన్నం సయించని ఏడాది టాటానగర్ రైల్వే క్వార్టర్లలో వైద్యం తెలియని మనిషి లేడు. పక్కింటి పిన్ని దిష్టి తీసింది. ఎదురింటి మామ్మ వేసిన మిరపకాయల పొగకు ఒక గూడ్సుబండి తుమ్ముతూ ఆగిపోయింది. అక్క మాత్రం చిక్కిపోతూనే ఉంది. ఓరోజు కుళాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది.

కాలనీ డిస్పెన్సరీకి తీసుకెళ్లాం. కాంపౌండరు ఆమెను వరండాలోని కాటా ఎక్కించి, బరువెంతో ప్లాట్‌ఫారమ్ మైకులో చెప్పినట్టు అరిచాడు. వరుసలో ఉన్నవాళ్లంతా తలో మాటా అన్నారు. డాక్టరు తలెత్తకుండా టానిక్కు రాశాడు.

"ఇంక సచ్చినా ఆ గుమ్మం ఎక్కను. తలుపేసి నన్నడిగితే సెప్పనేటి, నాకేటవుతందో?" అంది అక్క.

నాకూ, నా ఇద్దరు స్నేహితులకూ తెలిసిన పోరాటం ఒక్కటే, యూనియన్ వాళ్లు చేసే నిరాహార దీక్ష. డిస్పెన్సరీ ముందు టెంటు వేశాం. అక్క నెత్తి కొట్టుకుంది.

"తినలేనిదాని కోసం తిండి మానేత్తారా? బుర్రుందేటర్రా మీకు?"

నిజమే. అందుకని దీక్షను తిరగేశాం. కాటా గదిలోకి మార్చేదాకా, బరువులు అరవడం మానేదాకా, డాక్టరు తలుపేసి అక్క మాట వినేదాకా తింటూనే ఉంటామని అట్టమీద రాసి కూర్చున్నాం. కాసిడీహ్ పేట నుంచి సమోసాలు, భాలుబాసా పేట నుంచి జిలేబీలు మద్దతుగా వచ్చాయి. మూడోనాటికి మా త్రేన్పులకు డిస్పెన్సరీ కిటికీలు వాటంతటవే తెరుచుకుంటున్నాయి.

డాక్టరు నిరాహార దీక్షల ఆనవాయితీ ప్రకారం నిమ్మరసం తెచ్చి దీక్ష విరమించమన్నాడు. గటగటా తాగేశాం.

"అబ్ తో బంద్ కరో!" అని, ఇకనైనా ఆపమన్నాడు.

"ఎలాగండీ? ఇదీ దీక్షలోకే వచ్చీసింది గదా!" అన్నాం.

పాపం, డాక్టరూ కాంపౌండరూ ఆ ఇనప కాటాను చెరోవైపూ పట్టుకుని మందుల గదిలోకి మోశారు.

అక్క వచ్చింది. డాక్టరు గది తలుపు మూసుకుంది. బయట అజీర్తి వరుసలో మేం ముగ్గురం. కాంపౌండరు నా బరువును చెవిలో ఎంత గుట్టుగా చెప్పాడంటే, ఈనాటికీ నాకు తెలీదు.

గంట తరవాత అక్క బయటికి వచ్చింది.

"ఏటడిగారే?" అన్నాను.

"తలుపేసి సెప్పింది నీకెందుకురా?" అని నాలుగడుగులు వేసి ఆగింది. "శుక్రవారం మళ్లీ రమ్మన్నారు. ఎల్తాను."

మేం టెంటు విప్పలేదు. శుక్రవారం దాకా ఉండనిచ్చాం.