చావు తెలియని నల్లేరు

ఈ ఉదయం దర్శి దగ్గర మా మిరపచేను గట్టు మీద అలాగే నిలబడిపోయాను. పోయినేడు పొక్లెయిన్‌తో నల్లేరు అల్లుకున్న పాత కంచె మొత్తం పీకించి ఇనుప తీగ వేయించాం. ఆ ఇనుప తీగనే పట్టుకుని నల్లేరు పైకి పాకింది!

మన ఈడువాళ్ళకు నల్లేరు కారప్పొడి గుర్తుందా? పెద్దవాళ్ళు చేతులకు నూనె రాసుకుని లేత కొసలు మాత్రమే తుంచేవాళ్ళు. ఎనిమిదేళ్ళ వయసులో నేను గొప్పకు పోయి ఈ చేను కంచె మీది తీగంతా మొదలంటా పీక్కొచ్చాను. చేతులు ఒకటే దురద. నాయనమ్మ చింతపండు రుద్దుతూ, "మొదలే పీకితే వచ్చే ఏడు పొడిలోకి ఏం వేస్తావే? దురద తగ్గాక కణుపులు తుంచి కంచె పొడుగునా గుచ్చిరా" అంది.

తగ్గేసరికి నాలుగు రోజులైంది. తీగ ఎండలో పడి వడిలిపోయింది.

"చచ్చిపోయింది నాయనమ్మా!"

"దానికి చావు తెలీదే. గుచ్చు."

వానలు పడగానే ప్రతి కణుపూ చిగురేసింది. నోరు తెరుచుకుని చూశాను.

ఇవాళా అంతే. రెండు కొసలు తుంచుకుని, ఒక కణుపు మళ్ళీ మట్టిలో గుచ్చాను. నూనె రాసుకోవడం మాత్రం మరిచాను. గోక్కుంటూనే ఇది రాస్తున్నాను. చిన్నప్పుడు నేను చంపేశాననుకున్న తీగే అది.