గాజు ముక్క మీద బెల్లం పాకం

ఒక్క టీ చెంచాతో మా అక్క కూతురి చదువు ముంచేసినంత పని చేసిన దాన్ని నేను. అప్పుడే నవ్వకండి, ఇంకా మొదలెట్టనేలేదు.

మా లావణ్య విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతోంది. కరెంటు పారే ప్లాస్టిక్కట, విన్నారా ఎక్కడైనా! సెలవులకి అనకాపల్లి మా ఇంటికి వస్తూ, ఆ ప్లాస్టిక్కు కరిగించిన ద్రవం చిన్న సీసాలో తెచ్చింది. పెరటి అరుగు మీద ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాజు ముక్క మీద నాలుగు చుక్కలు వేసి, పైన గిన్నె బోర్లించింది.

"సరుకు ఒకటే పిన్నీ. గిర్రున తిప్పి పరిత్తే ఒకలాగ, ఇలా నెమ్మదిగా ఆరబెడితే ఇంకోలాగ వత్తాది. నెమ్మదిగా ఆరితే లోపల పోగులన్నీ వరసగా సర్దుకుంటాయి, కరెంటు బాగా పారతాది. సోమవారం మా సారుకి సూపించాలి. ముట్టుకోకేం!"

"నాకేటి పనే!" అన్నాను. అది స్నానానికెళ్లగానే గిన్నె ఎత్తేను.

చూద్దును కదా, అచ్చం బెల్లం పాకం రంగు! అంచులు అప్పుడే నల్లబడుతున్నాయి. బెల్లం వండే కొంపలో పుట్టి పెరిగినదాన్ని, దించిన పాకం కలపకుండా వదిలేస్తే నా చేతులు ఊరుకుంటాయా? "అయ్యో, ముదిరిపోతంది!" అని చెంచాతో కలియబెట్టేసేను. రెండు తిప్పులకి పొరంతా పెచ్చులై చెంచాకంటుకుంది. గాజు ముక్క గుండు కొట్టించుకున్నట్టు మిగిలింది.

అప్పుడైనా నోరు విప్పేనా? లేదు. పొయ్యి మీద పరమాన్నంలోకి కరిగించిన బెల్లం ఉంది. అదే రంగు! నాలుగు చుక్కలు వేసి, గిన్నె బోర్లించి, ఏమీ ఎరగనట్టు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాను.

సాయంత్రం గిన్నె తీసింది. "రంగు మారలేదేటి పిన్నీ? ఊదాగా అవ్వాలే!"

"మబ్బేసింది కదే."

కరెంటు కొలిచే మీటరు పుల్లలు దానికి ఆనించింది. తడి బెల్లం కదా, ముల్లు ఎగిరింది. అంతకన్నా ఎత్తు లావణ్య ఎగిరింది. "పిన్నీ! ఎప్పుడూ ఇంత బాగా పారలేదే!" అంటూ సారుకి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"ఏ పద్ధతిలో వేసేవమ్మా?" అన్నారాయన.

"నెమ్మదిగా ఆరబెట్టేను సార్! లోపలన్నీ వరసగా..." అంటూ గాజు వైపు చూసి ఆగిపోయింది.

వరసగానే ఉన్నాయి. చీమలు.

"హలో? ఏ పద్ధతమ్మా?"

నేనే ఫోను మీదకి వంగేను. "చెంచాతో బాబూ. బెల్లం మాదే."

సీసా అడుగున ఇంకో నాలుగు చుక్కలుండబట్టి బతికేను. రెండోసారి అది ఆరినంతసేపూ లావణ్య చీపురు పట్టుకుని కాపలా కాసింది. చీమలకి కాదు, నాకు.

ఆవేళే పొయ్యి మీద ఒట్టేసుకున్నాను, పొయ్యి మీద లేనిది నేను కలపనని. మా ఇంటికొచ్చినప్పుడు మీ టీలో పంచదార అడుగునే ఉండిపోతే, క్షమించండి, మీరే కలుపుకోవాలి.