పాడె మీద చెయ్యి

చిన్న మంగళారం ఊళ్లో రాధమ్మ అత్త చచ్చిననాడు తెల్లారంగనే తగవు మొదలైంది. తగవు శవం గురించే. ముసలమ్మ కూతురు శంకర్‌పల్లి నుంచి ఇంకా రాలేదు. బిడ్డ వచ్చి తల్లి ముఖం చూసుకున్నాకే ఎత్తాలని చుట్టాలు, ఎండెక్కకముందే ఎత్తాలని రాధమ్మ. రాధమ్మ తొందర ఎందుకో ఊరంతటికీ తెలుసు. ఫాంహౌస్ ప్లాటు కొనేవాళ్లు ఆ మధ్యాహ్నమే పొలం చూడటానికి వస్తామన్నారు. వాకిట్లో శవముంటే బేరం చెడుతుంది.

"ఇంకెంతసేపు పెడ్తరు? వాసనొస్తలేదా మీకు? రానోళ్లు దినాలకు వస్తరు తియ్యిరి" అని రాధమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది. కోడికూతకు పోయిన మనిషికి అప్పుడే వాసన ఎక్కడిది?

సురంగల్ నుంచి వచ్చిన అంతమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్నది. ఆ మాట విని లేచింది. గుంపును తోసుకుని ముందుకు పోయి, పాడె పక్కన చతికిలబడి, వెదురు బొంగు మీద చెయ్యి వేసి శోకం ఎత్తుకున్నది.

ఆ పల్లెల్లో ఒక కట్టుబాటు ఉన్నది. శోకం పెట్టే ఆడది పాడె మీద చెయ్యి వేసిందంటే, తనంతట తాను తీసేదాకా పాడె లేవదు. ఆ ఏడుపులో ఆమె ఎవరిని ఏమన్నా ఎవరూ ఎదురు మాట్లాడరు. శవం ముందర అబద్ధం రాదని నమ్మకం.

"ఓ నా తల్లీ, పెద్దింట్ల కాలువెట్టినవు గద తల్లీ
బర్రెల కొట్టంల నీకు మంచమేసిరి గద తల్లీ
బర్రెకు తౌడు కలిపినంక నీకు గట్క కలిపిరి తల్లీ
బర్రెకన్న పాలుండె, నీకేమున్నదని పెడ్తరు తల్లీ..."

అందరూ తలలు వంచుకున్నారు. రాధమ్మ ముఖం పెనం మీద మరిచిపోయిన రొట్టెలా మాడింది. ప్లాటు చూడవచ్చిన కారు గేటు దగ్గర ఆగి, డప్పులు చూసి వెనక్కి తిరిగిపోయింది. శంకర్‌పల్లి బిడ్డ వచ్చి తల్లి మీద పడి కడుపారా ఏడ్చాకే అంతమ్మ చెయ్యి తీసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇగ ఎత్తుర్రి" అన్నది.

ఆ గుంపులో బాలనర్సమ్మ ఉన్నది. అంతమ్మ ఇంటికీ బాలనర్సమ్మ ఇంటికీ మధ్య గోడ ఒకటే. ఒకరు పోపు వేస్తే ఇంకొకరు తుమ్ముతారు. బాలనర్సమ్మది గాడిద గొంతు. కానీ ఆమె నోటికి జడిసి ఆ వాకిట్లో కాకి కూడా వాలదు. చచ్చినవాడి కండ్లు చారెడని లోకం పొగుడుతుంటే, అంతమ్మ ఒక్కతే ఆ కండ్లు ఎంతుంటే అంతే చెబుతుందని ఆమెకు గొప్ప. "నాకు గొంతుంటేనా, నేను బతికున్నోళ్లకే శోకం పెడ్దును" అని నవ్వేది. అంతమ్మ మాత్రం ఆ మాటకు నవ్వేది కాదు. "బతికున్నోళ్ల మీద ఏడ్వద్దే. నోరు కుళ్లుతది" అనేది.

అంతమ్మ వాళ్ల అమ్మకు అందరూ ఆడపిల్లలే. ఇక చాలని తండ్రి ఈమెకు అంతమ్మ అని పేరు పెట్టాడు. పుట్టినందుకే తండ్రి ముఖం తిప్పుకున్న పిల్ల. పెండ్లయితే మొగడు తాగి చెరువుగట్టు మీద పడి చచ్చాడు. వాడి మీద పడి ఏడ్చిననాడే ఊరు ఆమె గొంతు విన్నది. వాడి మంచీ చెడూ, కొట్టిన దెబ్బా తెచ్చిన పూలూ, అన్నీ చెప్పి ఏడ్చింది. అప్పటి నుంచి మొయినాబాద్ చుట్టూ ఎక్కడ చావైనా ఆమెకు కబురు వచ్చేది. చామంతి తోటల్లో పూలు తెంపడం ఆమె బతుకుదెరువు. ఏడుపుకు మాత్రం ఎవరి చేతి నుంచి ఏమీ తీసుకునేది కాదు. చావు ఇంట్లో చాయ కూడా తాగేది కాదు. పెద్దపెద్ద ఆసాములు కూడా ఆమె ఎదురొస్తే ఒక అడుగు పక్కకు జరిగేవాళ్లు. రేపు తమ పాడె పక్కన కూర్చునేది ఆమే కదా.

ఆ ఒక్క గౌరవమే ఆమెకున్న ఆస్తి. దాన్ని అమ్మి తిన్నవాడు ఆమె కొడుకు ఎల్లేశ్.

ఎల్లేశ్ పార్టీ అన్నల వెనుక తెల్ల చొక్కా వేసుకుని తిరిగేవాడు. ఎవరి పుట్టినరోజుకైనా ఫ్లెక్సీ కట్టేది వాడే, అందులో అన్నిటికన్నా కింద గోరంత ఫోటో కూడా వాడిదే. రాధమ్మ అత్త చావులో తల్లి ఏడ్చిన ఏడుపును ఫోన్‌లో పట్టి లోకం మీదికి వదిలాడు. బర్రెల కొట్టం మాట ఊళ్లు దాటింది. రాధమ్మ ఆ బర్రెలను అమ్మేసింది కూడా. మనుషులు ఆమె ఇంట్లో పాలు అడగడం మానలేదు మరి, నవ్వుతూ అడిగేవాళ్లు. అటు పట్నంలో టీవీ వాళ్లు ఆ ఏడుపు చూసి ఎల్లేశ్‌కు ఫోన్ చేశారు. ఆదివారం ముచ్చట్ల కార్యక్రమానికి మీ అమ్మ రావాలన్నారు.

"అవ్వా, నిన్ను కళాకారిణి అంటున్నరే" అన్నాడు ఎల్లేశ్.

"ఎవరు సచ్చిన్రు ఆడ?" అని అడిగింది అంతమ్మ.

"ఎవ్వరు సావలే. ఉత్త ముచ్చట వెట్టి వస్తవు, గంతే. అన్నలందరు చూస్తరు. సర్పంచ్ టికెట్ నాకే అంటున్నరు."

ఉత్త ముచ్చటే కదా అని ఒప్పుకున్నది. తోడుగా బాలనర్సమ్మ లేకుండా రానన్నది. కారులో ఇద్దరూ వెనుక కూర్చున్నారు. అంతమ్మ పెట్టెలోంచి తీసిన ఎర్రంచు చీర కట్టుకున్నది. అక్కడికి పోయాక ఒక పిల్ల వచ్చి ఆ చీర విప్పించి, తెల్లది కట్టించి, తల చెరిపింది. "గిట్లుంటెనే ఏడిసినట్టు కనిపిస్తది అమ్మా" అన్నది. బాలనర్సమ్మను కిరాయి జనం నడుమ కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టాలి, నవ్వమన్నప్పుడు నవ్వాలి. ఎప్పుడేం చెయ్యాలో రాసిన అట్ట ఎత్తి చూపించడానికి ఒకడిని నిలబెట్టారు.

ముచ్చట పెట్టించే పిల్ల పేరు దీక్షిత. వస్తూనే అంతమ్మ కాళ్లు మొక్కింది. ఆ మొక్కింది కెమెరాలో సరిగా పడలేదంటే మళ్లీ మొక్కింది.

"అమ్మమ్మా, మీరు ఏడుస్తుంటే శవాలు కూడా లేచి కూర్చుంటాయంట కదా!"

అట్ట లేచింది. జనం నవ్వారు. అంతమ్మ అందరి వైపూ చూసి తానూ కొంచెం నవ్వింది, మర్యాదకు. ఆ మర్యాదే కొంప ముంచింది. ఆ నవ్వు చూసి దీక్షితకు ధైర్యం వచ్చింది. మొగడు చచ్చిననాడు ఎంతసేపు ఏడ్చారు, కండ్లకు ఏం రాసుకుంటారు, అల్లం గానీ ఉల్లిగడ్డ గానీ వాడతారా అని అడిగింది. అన్నిటికీ అంతమ్మ నిదానంగానే చెప్పింది. బాలనర్సమ్మకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడు పాడె తెచ్చారు.

నిజం పాడె. వెదురు బొంగులు, గడ్డి, బంతిపూలు, అన్నీ సరిగ్గానే కట్టారు. దాని మీద తెల్లగుడ్డ కప్పుకుని, ముక్కులో దూది పెట్టుకుని, ఆ కార్యక్రమంలో నవ్వించే వంశీ అనేవాడు పడుకుని ఉన్నాడు.

"మన వంశీ పోయాడు అమ్మమ్మా! ఒక్కసారి ఏడవండి!" అన్నది దీక్షిత చప్పట్లు కొడుతూ.

అంతమ్మ లేచి నిలబడింది. "వద్దమ్మా. బతికున్నోన్ని పండవెట్టి ఏడ్వద్దు. నేను పాడె మీద చెయ్యేస్తె మావోళ్లు లేపరు. నా మాటకు ఎదురు చెప్పరు. గిది నవ్వులాట చేస్తె రేపు నా చెయ్యికి ఇలువేడిది, నా మాట ఎవరింటరు?"

"అబ్బా, షో కోసమే కదా అమ్మమ్మా!"

"లే అంతమ్మా! ఇంటికి పోదాం పా!" అని బాలనర్సమ్మ జనంలోంచి అరిచింది. అట్టవాడు పరుగెత్తుకొచ్చి ఆమె భుజం అదిమి కూర్చోబెట్టాడు.

ముందు వరుసలోంచి ఎల్లేశ్ లేచి తల్లి దగ్గరికి పోయాడు. చెవి దగ్గర వంగి మాట్లాడాడు గానీ, ఆమె కొంగుకు తగిలించిన మైకులో అందరికీ వినపడింది. "ఇజ్జత్ తియ్యకవ్వా. నాయిన సచ్చినప్పటి సంది ఊరి శవాలకు ఏడ్చినవు. కన్న కొడుక్కోసం ఒక్కసారి ఏడ్వరాదా?"

అంతమ్మ కొడుకు ముఖం చూసింది. తర్వాత పాడె పక్కన కూర్చుని, బొంగు మీద చెయ్యి వేసింది.

"ఓ నా కొడుకా, ట్రాక్టర్ల పుట్టినవు గద కొడుకా
చేవెళ్ల దవాఖాన చేరకముందే నా ఒళ్లెకొస్తివి కొడుకా
మూడేండ్లు నడువకపోతే మూపు మీద మోస్తి గద కొడుకా
నడక నేర్చి నన్ను నడిబజార్ల నిలవెడితివి కొడుకా..."

ఆ శోకం ఎవరి మీదో బాలనర్సమ్మకు తెలిసిపోయింది. ఆ ట్రాక్టరు మీద అంతమ్మ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆమే. అక్కడ పుట్టింది వంశీ కాదు. అంతమ్మ ఎదురుగా నిలబడ్డ కొడుకును చూస్తూ, బతికున్న కొడుకు మీద శోకం పెడుతున్నది. ఎల్లేశ్ మాత్రం ఫోన్ పైకెత్తి వీడియో తీసుకుంటున్నాడు. వాడు పుట్టిన ముచ్చట వాడికెట్లా గుర్తుంటుంది?

జనంలో ఒకరిద్దరు ముక్కులు చీదారు. అప్పుడే తెల్లగుడ్డ కింద వంశీ కాలి బొటనవేలు ఆడించాడు. అట్ట లేచింది. నవ్వులు లేచాయి. అంతమ్మ కండ్లు మూసుకుని ఏడుస్తూనే ఉన్నది. వంశీ దిగ్గున లేచి కూర్చుని, "అమ్మమ్మా, ఆకలైతుంది, గట్క ఉన్నదా?" అన్నాడు. ఆమె వెనక్కి పడిపోయింది. ఆ పడటం కూడా బాగా వచ్చిందని వాళ్లు మెచ్చుకున్నారు. 'ఏడుపుల రాణి' అని రాసిన శాలువా కప్పి పంపారు.

తిరుగుదారిలో "ఓ మాట మాట్లాడవే" అని బాలనర్సమ్మ అంటే, అంతమ్మ కారు అద్దం వైపు ముఖం తిప్పుకున్నది.

ఎల్లేశ్ చేవెళ్ల చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు. తల్లి ఏడ్చే ముఖం తలుపంత, పక్కన చేతులు జోడించిన తాను. అంత పెద్ద బొమ్మ ఆ తొవ్వ పొడుగునా చచ్చినవాళ్లకే పెడతారు. బస్సులోంచి చూసిన అంతమ్మ ఆడబిడ్డ గుండెలు బాదుకుంటూ సురంగల్ వచ్చింది. వచ్చేసరికి అంతమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నది. "ఇంక పోలేదొదినె. పోతె కబురు వెడ్త" అన్నది. టికెట్ మాత్రం ఎల్లేశ్‌కు రాలేదు. అన్నలు వాడి భుజం తట్టి, ప్లాట్లు అమ్మి కొత్తగా బలిసిన ఇంకొకనికి ఇచ్చారు. ఏడ్చే ఇంటి మనిషి గెలుపుకు పనికిరాడని చాటున నవ్వుకున్నారట.

కొన్నాళ్లకు రాధమ్మ మామ సత్తయ్య పోయాడు. శంకర్‌పల్లి బిడ్డే అంతమ్మకు ఫోన్ చేసింది. "అవ్వా, నేనొచ్చేదాక మా నాయిననుంచు. మా అవ్వనుంచినట్టు నాయిననుంచు" అని ఏడ్చింది.

అంతమ్మ పోయింది. బాలనర్సమ్మ వెంట పోయింది. పాడె మీద చెయ్యి వేసి, "ఓ నా తండ్రీ" అన్నదో లేదో, చుట్టూ ఫోన్లు లేచాయి. వెనుక ఎవడో, "తాతా, ఆకలైతుందా?" అన్నాడు. నిజం శవం ముందర, నోటి మీద ఈగ వాలిన సత్తయ్య ముందర, జనం కిసుక్కుమన్నారు.

రాధమ్మ ముందుకు వచ్చింది. ఎంతకాలంగా దాచుకున్నదో ఆ మాటలు. "ఏందే ఏడుపుల రాణీ! గీ పీనుగు నిజందే. లేస్తదేమోనని చెయ్యేసినవా? టీవీవోళ్లు శాలువ గప్పుతె లేని శవానికి ఏడ్చినవు. మా ఇంట్ల శాలువల్లేవు. తియ్యి చెయ్యి."

శోకంలో ఉన్న ఆడదానికి ఎదురు మాట చెప్పడం ఆ ఊరు మొదటిసారి విన్నది. ఎవరూ రాధమ్మను ఆపలేదు. ఆగు అనాల్సిన పెద్దమనుషులు మీసాల చాటున నవ్వు దాచుకున్నారు. అంతమ్మ మళ్లీ రాగం ఎత్తబోయింది. రాధమ్మ వంగి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే బొంగు మీది నుంచి విప్పి, చేతిని చచ్చిన ఎలుకను పారేసినట్టు పక్కకు పారేసింది.

"ఎత్తుర్రి" అన్నది.

ఎత్తారు. శంకర్‌పల్లి బిడ్డ ఆటో దిగేసరికి కాష్టం అంటుకున్నది. ఆమె తండ్రి ముఖం చూడలేదు, పొగ చూసింది. అంతమ్మ దగ్గరికి వచ్చి, "నిన్ను నమ్మిన గదనే" అన్నది. తిట్టినా బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరే. బాలనర్సమ్మ దారి పొడుగునా రాధమ్మ ఏడు తరాలనూ తిట్టింది. ఎల్లేశ్‌ను తిట్టింది. టీవీని తిట్టింది. అంతమ్మ తన చెయ్యి తాను ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నది. సురంగల్ మలుపు దగ్గర నోరు విప్పింది.

"బాలనర్సీ, నాకిగ ఒక్క శవమే మిగిలింది."

"ఎవరిదే?"

"నాది. అది ఉత్తుత్తది గాదు గద. దాని మీద నువ్వు ఏడ్వాలె."

"నాకు రాగమేడొస్తదే? నేనేడిస్తె కుక్కలుర్కుతయి."

"రాగమెందుకు, నీకు నోరున్నది. మొదలు నా తప్పు చెప్పు. బతికున్న కొడుకు మీద శోకం పెట్టిందని చెప్పు. దాసకు. ఎన్క వాని ముచ్చట చెప్పు, వాన్ని నా కాళ్లకాడ నిలవెట్టి చెప్పు. రాధమ్మకు కబురంపు, రాకుంటె గుంజుకరా. బొంగు గట్టిగ పట్టుకో, ఏళ్లు విప్పనియ్యకు. నడుమ ఎవడన్న నవ్విండనుకో, చెయ్యి తియ్యకుండ ఊకో. ఇంటికి పోయొస్తమన్నా పోనియ్యకు. పొద్దూకనీ, వాసన రానీ. ఆఖరోడు నవ్వు మానేదాక నన్ను లేపనియ్యకు."