దుప్పటి చాటు

తొమ్మిదేళ్లు వచ్చేదాకా మా పాప బస్సెక్కలేదు. కాళ్లు రెండూ బిగుసుకుపోయి ఉండేవి, మాట ముద్దగా వచ్చేది. బెళుగుప్ప దగ్గర మా పల్లెలో ఎవరింట పెళ్లయినా నేనొక్కదాన్నే వెళ్లి, అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా తిరిగొచ్చేదాన్ని. "ఏం పాపం చేసుకుంటివో తల్లీ" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. వానల్లేని ఏడాది మా ఆయన బెంగళూరుకు మట్టిపనికి పోయేవాడు కాబట్టి ఆ మాటలు నా చెవినే పడేవి.

తొంభైల చివర ఒక అక్క మా ఇంటికొచ్చింది. పక్క ఊరామె. ఆమె కొడుక్కి పుట్టుకతోనే చూపు లేదు. ఇలాంటి పిల్లల తల్లులు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారట. ఒంటరిగా పోతే ఆఫీసుల్లో గడప దగ్గరే తిప్పి పంపుతున్నారని గుంపుగా పోతున్నారట. అనంతపురంలో డాక్టర్ల శిబిరం పెడుతున్నారని, అక్కడ వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తే పింఛను వస్తుందని చెప్పింది.

"అంతమందిలోకి యాడ తీసుకొచ్చేదక్కా?" అన్నాను.

"ఆడికొచ్చేటోళ్లంతా మనట్లాంటోళ్లే. ఎవురు ఎవుర్ని చూసి నగుతారు? నేనుంటా, రా" అంది.

శిబిరం ఒక కల్యాణమండపంలో జరిగింది. పెళ్లిపీటలు వేసే వేదిక మీద బల్లలు వేసుకుని డాక్టర్లు కూర్చున్నారు. కింద హాలు నిండా పిల్లలు, తల్లులు, ముసలివాళ్లు. వేదికెక్కిన ప్రతి ఒక్కరినీ కిందివాళ్లందరూ చూస్తున్నారు. మా వంతు రాగానే పాపను చంకనెత్తుకుని మెట్లెక్కి, ఒక డాక్టరు ముందు కూర్చోబెట్టాను.

ఆ డాక్టరు చెడ్డవాడేమీ కాదు. పొద్దుటి నుంచి తల ఎత్తే తీరిక లేక అలసిపోయి ఉన్నాడు. "లంగా పైకి తీయమ్మా, తుంటి చూడాలి" అన్నాడు.

పాప లంగా అంచును పిడికిట్లో బిగించింది. "తియ్యి పాపా, సారు చూడాల గదా" అంటూ నేను ఆ వేళ్లు విడదీయబోయాను.

అక్క మెట్లెక్కి వచ్చింది. "సార్, ఈడొద్దు. ఆడపిల్ల. కొంచెం చాటుండే తావు చూపించండి."

"ఇంతమందికి చాటు ఎక్కడ తెచ్చేదమ్మా? చిన్నపిల్లే కదా."

"మీ ఇంట్లో పాపకైతే ఈడ చూస్తారా సార్?"

హాల్లో మాటలు ఆగిపోయాయి. అప్పటిదాకా సగంమందే మావైపు చూస్తున్నారు, ఇప్పుడు అందరూ చూస్తున్నారు. అక్క కొంగు పట్టుకుని లాగాను. "వద్దక్కా, పోదాం పా."

ఆమె నావైపు చూడలేదు. కిందనున్న సంఘం ఆడవాళ్లను పిలిచింది. ఒకామె తన బిడ్డ కింద పరిచిన దుప్పటి తీసి తెచ్చింది. నలుగురు కలిసి దాన్ని అడ్డంగా పట్టుకుని మా చుట్టూ వీపు తిప్పి నిలబడ్డారు. డాక్టరు లేచి దుప్పటి లోపలికొచ్చి పాప పక్కన కూర్చున్నాడు. "నొప్పి ఎక్కడమ్మా?" అని ఆయన పాపనే అడిగాడు. పాప పిడికిలి విప్పింది.

తిరుగు బస్సులో అక్కతో నేను మాట్లాడలేదు. నలుగురిలో రచ్చ చేసిందని కోపంగా ఉంది. పాప నా ఒళ్లో పడుకుని, చాలాసేపటికి, ముద్దమాటతో అంది. "మా, అందరూ నన్ను చూస్తాండ్రి."

"చూస్తే చూడనీలే."

"నాకు సిగ్గయింది."

నేను కిటికీ వైపు తిరిగాను. ఇన్నేళ్లూ మా ఇంట్లో సిగ్గు నా ఒక్కదాని సొత్తే అనుకున్నాను. దానికేం తెలుస్తుందిలే అని వాకిలి తీసిపెట్టి స్నానం చేయించేదాన్ని, వచ్చిపోయేవాళ్ల ముందే గుడ్డలు మార్చేదాన్ని. పాప అన్న ఆ మాటకు కుంగినంతగా ఊరివాళ్లు అన్న ఏ మాటకూ నేను కుంగిపోలేదు.

ఆ మర్నాటి నుంచి తలుపు వేసి, "గుడ్డలు మార్చనా పాపా?" అని అడిగి మార్చడం మొదలుపెట్టాను. మొదట్లో పాప వింతగా చూసేది. తర్వాత్తర్వాత, ఇష్టం లేకపోతే "ఉండుమా" అనేది.

సర్టిఫికెట్ వచ్చింది, ఆలస్యంగానైనా పింఛనూ వచ్చింది. నేను సంఘంలో చేరాను. కొన్నేళ్లకు తాడిపత్రిలో శిబిరం పెట్టినప్పుడు అక్కకు జ్వరమొచ్చి, ఏర్పాట్లు చూడమని తన బదులు నన్ను ముందురోజే పంపింది. శిబిరం చూసుకునే ఆఫీసరు గది ముందుదాకా పోయాను. గేటుదాకా వెనక్కి పోయి మళ్లీ వచ్చాను. చివరికి తల దించుకునే అడిగాను. "సార్, ఆడపిల్లల్ని చూసేదానికి వేరే గది కావల్ల."

"వెనక గది ఖాళీగానే ఉందమ్మా, తాళం తీయిస్తా" అన్నాడాయన. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదే."

అంత సులువుగా దొరికినందుకు సంతోషించాల్సింది. నాకు మాత్రం, ఇన్నేళ్లూ అడగనివాళ్లలో నేనూ ఒకదాన్నే అనిపించి, ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు. చీపురు అడిగి తీసుకుని, ఆ గది ఊడ్చి, కిటికీ అద్దాలకు పాత పేపర్లు అంటించాను.